సెలవులన్నీ ఆరుబయటే!

బడులకు తాళం పడింది. మళ్లీ జూన్ రెండో వారం దాకా పిల్లలకు ఆటవిడుపే. మరి ఇన్ని రోజులూ వాళ్లు నాలుగు గోడల మధ్యే ఉండిపోవాలా? వీధి చివరి వేపచెట్టు, మామిడి కొమ్మల్లో కోయిల, తాతయ్య ఊళ్లో తాటితోపు, డాబా మీద ఆకాశం... పైసా ఖర్చు లేకుండా పిల్లలకు చూపించదగ్గవి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. కాస్త తీరిక చేసుకుని చూపిద్దాం.

ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చిన రోజు పిల్లల ఉత్సాహానికి పట్టపగ్గాలుండవు. వారం తిరిగేసరికి 'బోర్ కొడుతోందమ్మా' అన్న మాట మొదలవుతుంది. ఫోన్ చేతికొస్తుంది. కాదంటే వచ్చే ఏడాది పాఠాలను ముందే చెప్పే కోచింగ్, లేదా మరో క్లాసు. ఇందులో అమ్మానాన్నల్ని తప్పుపట్టడానికి లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పిల్లలు ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉండాలి కదా! పైగా బయట మండే ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. అలాంటప్పుడు పిల్లల్ని బయటికి పంపేదెలా?

పంపొచ్చు, వేళ చూసుకుని. మన పల్లెల్లో రైతులు ఎప్పుడూ చేసింది అదే. తెల్లవారుజామున పొలానికి వెళ్లి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరి, మధ్యాహ్నం చెట్టు నీడన ఓ కునుకు తీసి, పొద్దు వాలాక మళ్లీ పనిలోకి దిగేవారు. మే నెలలో ఆరు లోపే తెల్లారుతుంది. అప్పటినుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి చీకటి పడేదాకా పిల్లలకు రోజూ మూడు నాలుగు గంటలు దొరుకుతాయి. మధ్యాహ్నం ఇంటిపట్టున బొమ్మలు గీసుకున్నా, కథలు చదువుకున్నా సరిపోతుంది.

కళ్లకూ కావాలి వెలుతురు

ఆరుబయట ఆడితే ఒళ్లు గట్టిపడుతుందని అందరికీ తెలుసు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు గంటసేపైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతగా ప్రచారంలో లేని సంగతి మరొకటుంది. పిల్లల్లో దూరపు చూపు తగ్గిపోయే సమస్యకు పగటి వెలుతురు అడ్డుకట్ట వేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో దీన్ని పరీక్షించారు. సగం బడుల్లో ఆరేళ్ల పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడపనిచ్చారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మామూలు బడుల్లో 39.5 శాతం పిల్లలకు దూరపు చూపు మందగించింది. బయట గడిపిన పిల్లల్లో అది 30.4 శాతమే. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తైవాన్ 2010 నుంచే బడి పిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండేలా ప్రణాళిక అమలుచేస్తోంది.

ఇందుకు ఎండలో మాడక్కర్లేదు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురు కొన్ని వందల లక్స్‌లకు మించదు. పగటిపూట ఆరుబయట చెట్టు నీడలో కూడా వెలుతురు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి పొద్దున పూట మామిడిచెట్టు కింద కూర్చుని గవ్వలాడినా ఆ మేలు దక్కుతుంది.

ఒక చెట్టుతో స్నేహం

పిల్లలకు మొదటి పనిగా ఒక చెట్టును ఎంచుకోమనండి. వీధిలోదైనా, పార్కులోదైనా సరే. సెలవులయ్యేదాకా అది వాళ్ల చెట్టు. రోజూ ఒకసారి వెళ్లి చూడాలి, నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయాలి, బొమ్మ వేయాలి.

వేపనే తీసుకోండి. ఉగాది పచ్చడికి పువ్వు ఇచ్చిన చెట్టు మే నెలలో ఆకుపచ్చ కాయలతో ఉంటుంది. నెలాఖరుకు అవి పసుపు తిరుగుతాయి. పండు కోసం ఏ పిట్టలు వస్తున్నాయి? మొదలు దగ్గర చీమలు ఎటు వెళ్తున్నాయి? ఉడత ఏ కొమ్మ మీద ఎక్కువగా కనిపిస్తోంది? ఇవన్నీ రాయాల్సిన సంగతులే. చిన్నపిల్లలు ఆకులు ఏరి పుస్తకంలో అద్దుకుంటే, కాస్త పెద్దవాళ్లు చెట్టు ఎత్తు లెక్కగట్టొచ్చు. మీటరు కర్రను నేల మీద నిలబెట్టి దాని నీడ కొలవాలి. అది రెండు మీటర్లుందనుకుందాం. అదే సమయానికి చెట్టు నీడ 12 మీటర్లుంటే ఎత్తు 6 మీటర్లన్నమాట. తరగతిలో విసుగు పుట్టించిన నిష్పత్తుల లెక్క ఇక్కడ ఆటైపోతుంది.

ఇలా చెట్లను గమనించి రాసే పనిని దేశవ్యాప్తంగా చేస్తున్న పిల్లలున్నారు. 2010లో మొదలైన 'సీజన్‌వాచ్' కార్యక్రమంలో బడి పిల్లలు వారానికోసారి తమ చెట్టుకు చిగురు, పూత, కాయ ఏ మేరకు ఉన్నాయో నమోదు చేస్తారు. కేరళ పిల్లలు ఇందులో అందరికంటే ముందున్నారు. రుతువులు ఎలా మారుతున్నాయో తెలుసుకోవడానికి ఆ లెక్కలు శాస్త్రవేత్తలకు అక్కరకొస్తాయి. మన పిల్లలూ చేరవచ్చు.

చెట్టు కింద నేలనూ చూడమనండి. గోడవారగా, వాన తగలని మెత్తటి దుమ్ములో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. దగ్గర కూర్చుని ఓపికపట్టాలి. అంచున నడిచే చీమ కాలు జారిందా, అడుగు నుంచి ఇసుక రేణువులు ఎగిరిపడతాయి. పైకి ఎక్కబోయిన చీమ ఇసుకతో సహా కిందికి జారుతుంది. అడుగున రెండు కొక్కేల్లాంటి దవడలు తెరుచుకుని యాంట్‌లయన్ అనే పురుగు కాచుకుని ఉంటుంది. దాన్ని మెల్లగా తీసి కాగితం మీద వదిలితే వెనక్కి నడుస్తుంది. చూశాక మళ్లీ ఆ దుమ్ములోనే వదిలేయాలి. కొన్నాళ్లకు అది మట్టిలో గూడు కట్టుకుని, రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. ఇంత వేట మన గుమ్మం పక్కనే జరుగుతోంది!

కూత ఎవరిది?

వేసవి ఉదయాలు పిట్టల కూతలతో నిండి ఉంటాయి. పుస్తకం, బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు, ముందు చెవులకు పని చెప్పాలి. మామిడి కొమ్మల్లోంచి 'కూ... కూ' అని స్వరం పెంచుకుంటూ పోయేది మగ కోయిల. నల్లగా, ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడ కోయిల గోధుమ రంగులో, ఒంటినిండా తెల్లటి చుక్కలతో వేరే పిట్టలా కనిపిస్తుంది. గుడ్లను కాకి గూట్లో పెడుతుంది. అందుకే ఈ నెలల్లో కాకులు కోయిలల్ని తరుముతూ కనిపిస్తాయి. ఆ తరుములాటను కళ్లారా చూసిన పిల్లలకు పాఠంలో చదివింది ఎప్పటికీ గుర్తుంటుంది.

'టుక్... టుక్... టుక్' అని కొలిమి దగ్గర సుత్తి దెబ్బలా ఆగకుండా వినిపిస్తే అది కంసాలిపిట్ట. పిచ్చుకకంటే కాస్త బొద్దుగా, ఆకుపచ్చగా, నుదుట ఎర్రటి మచ్చతో ఉంటుంది. రావి, మర్రి, మేడి పండ్లున్నచోట వెతికితే దొరుకుతుంది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక... సెలవులు అయిపోయేలోగా రెండింటినీ చూడాలని పిల్లలకు పందెం పెట్టండి. చిలుకను పంజరంలో పెంచడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ మాటా చెప్పండి.

బాల్కనీ కుండీలో పికిలిపిట్ట గూడు కట్టుకుంటే ఆ ఇంటి పిల్లలు అదృష్టవంతులు. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల ఎగిరిపోయేదాకా నెల కూడా పట్టదు. ముట్టుకోకుండా, ఫొటోల కోసం దగ్గరికి పోకుండా దూరం నుంచే చూడాలి. గోడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ కడిగి మార్చే బాధ్యత పిల్లలకే అప్పగించండి.

అమ్మమ్మలు, తాతయ్యలు ఈ విషయంలో పెద్ద గ్రంథాలయాలు. ఊళ్లో పది పిట్టల పేర్లు, పది మొక్కల పేర్లు అడిగి రాసుకు రమ్మనండి. ఆ పేర్ల విలువ ఎంతో చెప్పే ఉదంతం మన కడప జిల్లాలోనే ఉంది. కలివికోడి అనే పక్షిని జెర్డాన్ అనే ఆంగ్లేయుడు 1848లో లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు లంకమల కొండల చుట్టుపక్కల ఊళ్లలో బొమ్మ చూపించి ఆరా తీశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు దాన్ని పట్టిచ్చాడు. ప్రపంచం పోయిందనుకున్న పక్షిని దొరికించింది కలివిపొదల మధ్య తిరిగిన మనిషి కళ్లు. ఆ తర్వాతే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ముంజల కాలం

ఊరికి వెళ్లే వీలుంటే మే నెలను వదులుకోవద్దు. తాటిముంజలు, ఈతపండ్లు, చింతచిగురు, ఆపైన నేరేడుపండ్లు... ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తాటితోపులో నిలబడి పిల్లలకు ముంజను బొటనవేలితో తోడి జుర్రుకోవడం నేర్పండి. సాధారణంగా కాయకు మూడు కళ్లుంటాయి. తాళ్లలో ఆడ, మగ చెట్లు వేరువేరు. కాయలు కాసేది ఆడదే. పోతుతాడుకు కాయలుండవు. అదే కాయను చెట్టునే వదిలేస్తే వానాకాలంలో తాటిపండు అవుతుంది, టెంకను మట్టిలో పాతిపెడితే తేగ వస్తుంది.

తినేశాక మిగిలిన కాయలతో బండి చేయించండి. రెండు కాయల మధ్య ఒక గట్టి పుల్ల గుచ్చితే ఇరుసు. పంగ ఉన్న పొడవాటి కర్రను దానికి ఆనించి తోస్తే బండి పరుగెడుతుంది. పుల్ల సరిగ్గా నడిమధ్యలో దిగకపోతే బండి కుంటుతుంది. పిల్లలు మళ్లీ పీకి గుచ్చుతారు, మళ్లీ కుంటుతుంది, మళ్లీ సరిచేస్తారు. ఆ పనిలో పెద్దలు చేయిపెట్టకుండా ఉండటమే వాళ్లకు చేసే సాయం. రావి ఆకుతో బూర, కొబ్బరాకుతో వాచీ, తాటాకుతో గాలిమర... ఊళ్లో ఇవి చేయగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఏడుపెంకులాట, బిళ్లంగోడు, కోతికొమ్మచ్చి ఆడిన చేతులూ ఉన్నాయి. వాళ్లను అడిగి నేర్చుకోవడానికి ఇదే అదను.

అడవి అంచు గూడేల్లో పిల్లలకు ఈ కాలం మరింత నిండుగా ఉంటుంది. వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలే ఇప్పపూలు ఏరుతారు. తర్వాత మొర్రిపండ్లు, తునికిపండ్లు. ఏ పండు తినొచ్చో ఏది తినకూడదో వాళ్లకు చిన్నప్పుడే తెలుసు. పట్నం పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.

తిన్న పండ్ల గింజల్నీ పారేయొద్దు. పాల ప్యాకెట్లకు అడుగున చిల్లులు పెట్టి మట్టి, పశువుల ఎరువు నింపితే అదే నర్సరీ. వేప, నేరేడు గింజలకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది కాబట్టి తాజాగా ఉన్నప్పుడే నాటాలి. చింత, రేల గింజలు నిల్వ ఉంటాయి. రేల గింజ తొక్క గట్టిది. గరుకు నేల మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటాలి. విత్తన బంతులు విసిరి చేతులు దులుపుకోవడంకంటే, రోజూ నీళ్లు పోసి పెంచిన ఒక్క మొక్క పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

నీడ మాయమయ్యే రోజు

మన రెండు రాష్ట్రాల పిల్లలకు దిల్లీ పిల్లలు ఎన్నడూ చూడలేని వింత ఒకటుంది. ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువుకు పక్కన నీడే పడదు. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న ఊళ్లకే ఆ భాగ్యం. తొలిసారి అది వేసవి సెలవుల్లోనే వస్తుంది. తిరుపతిలో ఏప్రిల్ చివరి వారం, విజయవాడలో మే మొదటి వారం, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతం, ఆదిలాబాద్‌లో మే మూడో వారం. సమయం హైదరాబాద్‌లో 12 గంటల 12 నిమిషాల దరిదాపుల్లో, విశాఖలో 12కి కాస్త ముందు. డాబా మీద ఒక సీసానో గొట్టాన్నో నిలబెట్టి, ఆ నాలుగు నిమిషాలు టోపీ పెట్టుకుని చూసి కిందికి వచ్చేయాలి. వారం ముందు నుంచే రోజూ నీడ కొలిచి గీత గీస్తూ వస్తే అది ఎలా కుంచించుకుపోతోందో తెలుస్తుంది.

రాత్రి డాబా మీద పక్కలు వేసుకునే ఇళ్లలో ఆకాశమే పాఠం. ఉత్తరాన ఏడు చుక్కల సప్తర్షి మండలం. దాని తోకలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, పక్కనే మినుకుమినుకుమనేది అరుంధతి. ఆ తోక వంపునే సాగదీస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా ముందుకు వెళ్తే తెల్లని చిత్త. మే చివరికి చీకటి పడుతూనే ఆగ్నేయాన ఎర్రని జ్యేష్ఠ లేస్తుంది. సప్తర్షుల్లో ముందున్న పులహ, క్రతు చుక్కల మధ్య దూరాన్ని ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువనక్షత్రం. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ధ్రువుడు ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మన ఊరి అక్షాంశం అంత. హైదరాబాద్‌లో దాదాపు 17. అంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఒట్టి చేతులతో పిల్లలు తమ ఊరి అక్షాంశాన్ని పటంలో గుర్తించగలరు.

ఒక్కపూట ప్రయాణం

బయటికి వెళ్దామనుకుంటే దగ్గర్లోనే గొప్ప చోట్లున్నాయి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సుమారు 5 ఎకరాల్లో పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఊడలు దిగి మానులైన ఆ చెట్టు కింద నిలబడితే అసలు మొదలు ఎక్కడుందో తెలియదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడే ప్రయత్నం చేశారు. చెట్టుకూ వైద్యం ఉంటుందని పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచిచోటు లేదు.

విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు గాలి, సముద్రం కలిసి చెక్కిన నేల. కాకినాడ దగ్గరి కోరింగలో మడచెట్లు ఊపిరి కోసం వేళ్లను బురదలోంచి పైకి పంపడం చెక్క వంతెన మీద నడుస్తూ చూడొచ్చు. బావురుపిల్లులు ఉండే అడవి అది. హైదరాబాద్ పిల్లలకు నగరం నడిబొడ్డున కేబీఆర్ జాతీయ పార్కు ఉంది. అక్కడి బండరాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. డైనోసార్లు పుట్టకముందే పాతబడిన రాయి మీద చేయి వేసి చూడమనండి!

జాగ్రత్తలు ఇవీ...

ఎండ: పది నుంచి నాలుగున్నర దాకా బయట ఆటలు వద్దు. నూలు బట్టలు, టోపీ, సీసాలో నీళ్లు తప్పనిసరి. ఇంటికి రాగానే మజ్జిగో నిమ్మరసమో ఇవ్వండి. తల తిరుగుతోందన్నా, వాంతి చేసుకున్నా, ఒళ్లు కాలిపోతున్నా, మాట తడబడినా నీడకు చేర్చి తడిబట్టతో తుడుస్తూ 108కి ఫోన్ చేయండి.

నీళ్లు: ప్రతి వేసవిలోనూ చెరువులు, కాలువలు, క్వారీ గుంతల్లో పిల్లల్ని పోగొట్టుకుంటున్నాం. ఈత నేర్పించండి, కానీ ఈత బాగా వచ్చిన పెద్దవాళ్లు పక్కన లేకుండా ఒక్కరోజూ నీళ్లలోకి పంపొద్దు. ఈత వచ్చిన పిల్లలకూ ఇదే నియమం.

పాములు: రాళ్ల కింద, పొదల్లో చేతులు పెట్టకూడదు. చీకట్లో టార్చి, కాళ్లకు చెప్పులు ఉండాలి. పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయొద్దు. కాటు పడిన చోటు కదలకుండా చూసి, మందు దొరికే ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

కాయలు: గన్నేరు, ఉమ్మెత్త, గురువింద, అడవి ఆముదం గింజలు విషం. పెద్దలకు చూపించకుండా ఏ కాయా నోట్లో పెట్టకూడదన్నది మొదటి పాఠం కావాలి.

మనమేం చేయాలి?

పిల్లలకు కావాల్సిన వస్తువులు తక్కువే. ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్, దారం ఉండ, టోపీ. వాళ్లకు నిజంగా కరవైనవి రెండు: తిరగడానికి చోటు, తోడుండే పెద్దలు. పాఠశాలల యాజమాన్యాలకు, పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఒక విన్నపం. సెలవుల్లో ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బడి మైదానాల గేట్లు తెరిపించండి. అపార్ట్‌మెంట్ సంఘాలు గడ్డి మీద ఆడకూడదన్న బోర్డుల్ని ఈ నెలన్నర పక్కన పెట్టాలి. ఉద్యోగాలు చేసే అమ్మానాన్నలు వంతులు వేసుకుంటే, నలుగురు తల్లిదండ్రులు కలిసి పది మంది పిల్లల్ని పొద్దున్నే పార్కుకు తీసుకెళ్లొచ్చు. ఒక్కొక్కరికీ వారంలో ఒకటి రెండు రోజులే పని.

రేపు పొద్దున ఆరింటికి పిల్లల్ని లేపండి. ఫోన్లు ఇంట్లోనే వదిలేసి, వాళ్లతో కలిసి వీధి చివరిదాకా నడవండి. వాళ్లు ఎక్కడ ఆగితే మీరూ అక్కడ ఆగండి. ఏం చూడాలో వాళ్లే చూపిస్తారు.